ఏసమ్మ ఇంటి వెనక గోడ

రేపల్లె,
18 జనవరి 1993

ప్రియమైన సైదాకు,

మా నాయనమ్మను బతికుండగానే లోపల పెట్టి గోడ కట్టినవాడు కాంట్రాక్టరు శేషగిరిరావు. ఈ మాట కాలనీలో ఎవరూ పైకి అనరు. నేను అంటున్నాను. ఎక్కడైనా, ఎవరి ముందైనా అంటాను.

నువ్వు పండక్కి వస్తావు, మీ అమ్మ సుల్తాన్ బీ పిన్నమ్మ చేతి సేమియా తింటావు, సాయంత్రం బస్సుకి బాపట్ల పోతావు. కాలనీలో బతికేవాడివి కాదు. అందుకే మొదట్నుంచీ రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు. తొంభై గాలివానకి మన పాటిదిబ్బలో ఒక్క పాక మిగల్లేదు. మా అమ్మ పోయింది. తరవాత విరాళాలు వచ్చాయి, కాలనీ వచ్చింది, రాతిపలక మీద దాతల పేర్లు వచ్చాయి. కట్టినవాడు మటుకు శేషగిరిరావు. ముందు వరస మా కిరస్తానీల ఇళ్లు, వాటి వెనక సందు వదిలి, ఆ సందులోకి గుమ్మాలతో వెనక వరస మీ ఇళ్లు. నీళ్లు ఎక్కకూడదని పునాదిని నా నడుము ఎత్తున లేపాడు. ఆ ఎత్తు ఎక్కడానికి పెట్టింది మూడే మెట్లు. ఒక్కో మెట్టు మోకాలిని తాకేంత ఎత్తు. చేత్తో పట్టుకోడానికి ఏమీ లేదు. ఇంటికి ఒక్కటే తలుపు, అదీ రోడ్డు మీదికి. వెనక మొత్తం గోడ. ఆ గోడలో గాలి ఆడ్డానికని ఒక సిమెంటు జాలీ. జైలుకి ఇంతకన్నా ఏం కావాలి?

నాట్లు వేసి వేసి నాయనమ్మ నడుము ఎప్పుడో వంగిపోయింది. క్రిస్మస్ ముందు ఆ మెట్ల మీదే జారి తుంటి మీద పడింది. ఎముక విరగలేదు కాని, అప్పట్నుంచి గుమ్మం దాటలేదు. కొత్త సంవత్సరం వచ్చీ రాగానే కళ్లు తిరిగి పడిపోతే నులకమంచం మీద మోసి దించి తెనాలి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఒంట్లో నీళ్లు లేవు, బాగా తాగాలమ్మా అన్నాడాయన. ఇంటికి వచ్చాక తాగదు. ఎందుకు తాగదో చెప్పదు. నేను ప్రెస్సుకి వెళ్లేటప్పుడు బయట గొళ్ళెం పెట్టి పోతున్నాను, మళ్లీ మెట్ల మీద పడకుండా. ఇంకేం చేయను?

మా బాబాయి ప్రభుదాస్ తెనాలిలో గుమాస్తా అని నీకు తెలుసుగా. ఆయన వచ్చి చూసి, ఈస్టరు వెళ్లిన మర్నాడు వచ్చి తీసుకుపోతానన్నాడు. ఆయన ఉండేది మేడ మీద అద్దె వాటా. ఆ మెట్లు ఎక్కించడం ఒకసారే, దించడం ఉండదు. నేను గట్టిగా పోట్లాడితే చివరికి ఒక మాట ఇచ్చాడు. అప్పటికి తనంతట తాను ఇంట్లోంచి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లగలిగితే ఇక్కడే ఉండనిస్తాడట. ఆయన వెళ్లాక నాయనమ్మ, "పోతే మళ్లీ రాను గదరా" అంది.

దీంతో పాటు కరపత్రం పంపుతున్నాను. మా ప్రెస్సు యజమాని వెంకటకృష్ణయ్య గారు భోజనానికి వెళ్లినప్పుడు, ఎవరిదో పెళ్లిశుభలేఖలకి మిగిలిన పసుపు కాగితం మీద నేనే అక్షరాలు కూర్చి వేశాను. నువ్వు ఇళ్ల ప్లాన్లు గీసేవాడివి. శేషగిరిరావు ఎక్కడెక్కడ తప్పు చేశాడో తేల్చి రాయి. ఈ కరపత్రం పక్కన దాన్నీ వాడి గేటుకే అతికిస్తాను.

ఉద్యమాభివందనాలతో,
జార్జి

*

బాపట్ల,
27 జనవరి

ప్రియమైన పెట్రోలు బంకు జార్జికి,

బళ్లో ఉన్నప్పుడు నిన్ను అగ్గిపెట్టె అనేవాళ్లం. ఆ పేరు ఇప్పుడు చాలదు.

కరపత్రం చదివాను. మా గదిలో ఇంకో ఇద్దరు కూడా చదివి, ఈ శేషగిరిరావు ఎవరు, ఏదైనా దేశాన్ని పాలించేవాడా అని అడిగారు. ప్రతి వాక్యంలోనూ ఆయనే ఉన్నాడురా. నాయనమ్మ ఒక్కచోటా లేదు. పీడిత వృద్ధ ప్రజానీకం అని రాశావు. ఆ ప్రజానీకానికి మోకాళ్లు నొప్పా, నడుము నొప్పా, చూపు ఆనదా, ఏ పూట ఎటు వెళ్లాలనుంటుంది, అందులో లేదు.

కోపం తెచ్చుకోకు. నేనూ మొన్నటిదాకా ఇంతే. ఇక్కడ కాలేజీలో పాఠం చెప్పే సారా మేడమ్ దగ్గర ఇప్పుడు పని చేస్తున్నానని రాశాను గదా. వయసు మళ్లిన వాళ్లు ఉన్న ఇంట్లోనే, ఉన్న వీధిలోనే చివరిదాకా ఉండాలంటే ఆ ఇల్లు ఎలా ఉండాలి అని ఆవిడ ఈ సముద్రపు పక్క ఊళ్లన్నీ తిరుగుతోంది. నేను టేపూ, బోర్డూ మోసుకుంటూ వెనకాల. వాడరేవులో ఒక ముసలాయన పట్టుకుని లేవడానికి మేము గోడకి కొయ్య బిగించి వచ్చాం. మళ్లీ వెళ్లేసరికి దాని మీద వల ఆరేసుకున్నాడు. ఆయన ఎప్పుడూ మంచం కోడు పట్టుకుని ఎడమ పక్కకి లేస్తాడు, మేము కుడి పక్క బిగించాం. అప్పట్నుంచీ మేడమ్ రూలు మార్చేసింది. ముందు ఒక రోజంతా ఊరికే కూచోవాలి. ప్రశ్నలు వేయకూడదు. మనిషి ఎటు నడిస్తే అటు చూడాలి. కొలతలు ఆ తరవాత.

నువ్వూ ఒక ఆదివారం అలా కూచుని చూడు. నీకు కష్టమే, తెలుసు. నోరు మూసుకోవాలి గనక.

గొళ్ళెం సంగతి రెండుసార్లు చదివాను. గోడ శేషగిరిరావుదే అనుకో. గొళ్ళెం ఎవరిదిరా?

ఎప్పటిలాగే నీ తిట్ల కోసం ఎదురుచూస్తూ,
సైదా

*

రేపల్లె,
9 ఫిబ్రవరి

ప్రియమైన సైదాకు,

గొళ్ళెం గురించి నువ్వు రాసిన ముక్క చదివి ఉత్తరం చింపబోయాను. బాపట్లలో ఫ్యాను కింద కూచుని రాయడం తేలిక. ఆమె పడిపోతే ఎత్తడానికి మీ మేడమ్ వస్తుందా? ఆ మాట ఇంకోసారి ఎత్తకు.

అయినా నువ్వు చెప్పావని మొన్న ఆదివారం గుడి ఎగ్గొట్టి ఇంట్లో కూచున్నాను. కాసేపటికే నాయనమ్మ, "ఏంట్రా, దొంగ మీద నిఘా పెట్టినట్టు" అంది. ఏమీ లేదన్నాను. జ్వరమా అంది. కాదన్నాను. ఉద్యోగం పోయిందా అంది. చివరికి నా మీద జాలిపడి తన పని తాను చేసుకుంది.

ఏం చూశానంటే ఏం లేదు. పొద్దున సగం గ్లాసు నీళ్లు, అదీ మాత్ర మింగడానికి. అన్నం తిన్నాక పెదాలు తడుపుకుంది, అంతే. రోడ్డు వైపు గుమ్మం దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు. ముందు వాకిట్లోకి చూడను కూడా చూడలేదు. ఎక్కువసేపు వెనక గోడ దగ్గరే. ఒకచోట అరచెయ్యి ఆనించి నిలబడుతుంది, గోడకి వెచ్చదనం ఉన్నట్టు. నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి ఉంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ జాలీలోంచి మీ అమ్మ గొంతు వినపడింది. అటు మీ అమ్మ, ఇటు మా నాయనమ్మ, మధ్యలో గోడ. చింతపండు పులుపు దగ్గర్నుంచి ఎవరి కోడలు ఏమందన్నదాకా ఒక గంటసేపు మాట్లాడుకున్నారు. ములాఖత్‌లో ఖైదీలు కూడా ఇంతసేపు మాట్లాడరు. నేనున్నానని నాయనమ్మ గొంతు తగ్గించింది గాని, నవ్వు మటుకు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు నేను విని ఎన్నాళ్లయిందో.

సరే, చూడమన్నావు, చూశాను. నాకు అర్థమైంది ఒక్కటే. మెట్లు. ఆ మెట్లు తీసేసి వాలు కట్టాలి, రిక్షా ఎక్కేలాంటి నున్నటి వాలు. యువజన సంఘంలో తీర్మానం చేయించాను. ఇటుకలు కాలనీ పనిలో మిగిలినవి ఉన్నాయి, కూలి మేమే. శేషగిరిరావు కట్టని దాన్ని ప్రజలు కట్టి చూపిస్తారు. నువ్వు వెంటనే బొమ్మ గీసి పంపు.

పోరాటంలో నీవాడు,
జార్జి

*

బాపట్ల,
17 ఫిబ్రవరి

ప్రియమైన జార్జికి,

బొమ్మ పంపుతున్నాను. ఆ ఎత్తుకి ముసలికాళ్లు తట్టుకునే వాలు కావాలంటే పొడుగు చాలా వస్తుంది. వాకిలి చాలదు. రోడ్డు వారగా తిప్పి టీ బంకు దాకా తీసుకురావాల్సి వస్తోంది. ఒక పక్క చేతిపట్టుకి వెదురు వేశాను.

కాని మేడమ్ ఈ బొమ్మ చూసి ముఖం అదోలా పెట్టింది. ఆవిడ అనేదేమంటే, సున్నం సిమెంటూ కలపకముందు ఇటుకలు ఊరికే పేర్చి, మీద మట్టి పోసి, నాయనమ్మను నాలుగు రోజులు నడిచి చూడమనాలట. నచ్చకపోతే ఇటుకలు తీసేయొచ్చు. కట్టేశాక మనిషినే సర్దుకోమంటాం. ఇంకో మాట కూడా అడిగింది. వాలు దిగి ఆమె ఎక్కడికి వెళ్తుంది? నాకు జవాబు తెలియలేదు. నీకు తెలుసా?

వచ్చే వారం నుంచి మాకు రంజాను రోజాలు. అమ్మ ఈ వయసులో కూడా ఒక్కటి వదలదు. మధ్యాహ్నం కబుర్లలో నాయనమ్మను కాస్త ఓపిక పట్టమను, అమ్మకి గొంతు ఎండుతుంది.

పేర్చి చూసి రాస్తావని ఆశిస్తూ,
సైదా

*

రేపల్లె,
14 మార్చి

ప్రియమైన సైదాకు,

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం సిగ్గు.

వాలు కట్టేశాం. పేర్చి చూడలేదు. తీర్మానం అయ్యాక ఇంకా చూసేదేముందని కుర్రాళ్లు ఊరుకోలేదు, నేనూ ఊరుకోలేదు. పక్క వెదురు కూడా నాటాం. మా గుడి ఉపదేశి పౌలు గారు వచ్చి ప్రార్థన చేశారు. రిబ్బను కట్టాం. టీ బంకు దగ్గర బెంచీలు వేశాం. జనం బాగానే వచ్చారు. నేను ప్రసంగం చేశాను, కాగితం చూడకుండా. ప్రసంగం అయిపోయాక లోపలికి వెళ్లి చెయ్యి అందించాను.

నాయనమ్మ లేవలేదు. మంచం మీద కూచునే తొంగిచూసి, "నా శవప్పెట్టె దించడానికి మెట్లు అడ్డమని కట్టించావా నాయనా? అప్పుడే ఎందుకురా తొందర" అంది.

బయట ఉన్నవాళ్లకి వినపడింది. ఎవరో నవ్వారు. పౌలు గారు దగ్గారు. నాకు ఒళ్లు మండిపోయింది. అరిచాను, సైదా. ఇన్ని చేతులు నీ కోసం మట్టి మోస్తే నీకు వేళాకోళంగా ఉందా అన్నాను. నీకు బయటికి రావాలనే లేదు, తెనాలి మేడ మీదే నీకు సరి అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. రిబ్బను మా సంఘం కార్యదర్శి కోశాడు. మొదట ఆ వాలు ఎక్కింది టీ బంకు దగ్గర తిరిగే మేక.

ఇప్పుడు ఆ వాలు మీద పగలంతా కుర్రాళ్లు కూచుని టీ తాగుతున్నారు. మా గుమ్మం ముందు సభ పెట్టినట్టే ఉంది. నాయనమ్మకి రెండు రోజులుగా జ్వరం, పొత్తికడుపులో మంట. మందులు తెచ్చాను. బాబాయి ఉత్తరం రాశాడు, మంచం కూడా కొన్నాడట. నాకు ఎటు చూసినా గోడే కనిపిస్తోంది. ఆమెను లోపల పెట్టింది శేషగిరిరావు అయితే, నన్ను పెట్టింది ఎవరో తెలియడం లేదు. రోజూ గొళ్ళెం పెడుతున్నప్పుడు ఆ చప్పుడు ప్రెస్సు దాకా వెంట వస్తోంది. నీ మాటే, సంతోషించు.

మీ మేడమ్‌కి తీరిక ఉంటే ఒకసారి రమ్మను. నేను ప్రెస్సులో ఉండే రోజు వచ్చినా సరే.

జార్జి

*

బాపట్ల,
22 మార్చి

ప్రియమైన జార్జికి,

నీ ఉత్తరం అందిన రెండో రోజే వచ్చాం. ఇంటికి వచ్చాక ఎవరో చెప్పే ఉంటారు. చెప్పనిది నేను రాస్తాను.

మేము వచ్చేసరికి బయట గొళ్ళెం పెట్టి ఉంది. మేడమ్ తీసి లోపలికి వెళ్లింది. నేను దాని గురించి ఇంకేం రాయను.

ఆవిడా మా అమ్మా లోపల నాయనమ్మతో ఉన్నారు. మగవాణ్ణి గనక నన్ను బయటికి పంపేశారు. నేను మన వాలు మీదే కూచున్నాను, మీ సంఘం వాళ్ల పక్కన. రోడ్డు వెంట చెంబు పట్టుకుని ఒక ముసలామె పోతోంది. ఒకడు, "అవ్వా, తోడు రమ్మంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. మీ కార్యదర్శి గట్టిగా నవ్వాడు. ఆమె చెంబు కొంగు కింద దాచుకుని నడిచింది. మా మేడమ్ అడిగిన ప్రశ్నకి జవాబు అప్పుడు తెలిసింది నాకు, వాలు దిగి నాయనమ్మ ఎక్కడికి వెళ్లాలో.

ఆడవాళ్లు మరుగుకి వెళ్లే దడి రెండు వరసల మధ్య సందులో ఉంది. మా ఇంటి నుంచి అయితే గుమ్మం దిగితే అదే. మీ ఇంటి నుంచి అయితే రోడ్డు మీదికి వచ్చి, టీ బంకు దాటి, వరస చివరిదాకా నడిచి, తిరిగి వెనక్కి రావాలి. ఒంట్లో శక్తి ఉన్నప్పుడు తెల్లారకముందే నలుగురు ఆడవాళ్లతో వెళ్లి వచ్చేది. మెట్ల మీద పడ్డాక చీకట్లో వెళ్లలేదు. పగలు మగాళ్ల కళ్ల ముందు వెళ్లదు. తప్పనప్పుడు లోపలే మూకుట్లో, అది నువ్వు లేనప్పుడు మా అమ్మ వచ్చి పారబోస్తోంది. అందుకని వెళ్లే అవసరమే రాకూడదని నీళ్లు మానేసింది. ఆ జ్వరం, ఆ మంట, కళ్లు తిరగడం అన్నీ అందుకే. నువ్వు అడగలేవు, నీకు ఆమె చెప్పదు. నువ్వు వాలు కట్టి, ఆ చూసే కళ్లకి కూచోడానికి చోటు కూడా ఇచ్చావు.

అమ్మ ఇంకోటి చెప్పింది. రోజా రోజుల్లో ఒక మధ్యాహ్నం జాలీ దగ్గర నాయనమ్మ అందిట, "నీకు పొద్దుగూకితే విడుపు ఉందే సుల్తానూ, నాకు ఎప్పుడు?" అని. అమ్మ నాకు అది చెప్పి కళ్లు తుడుచుకుంది.

మేడమ్ ఇంటి బొమ్మ వేసి, నాయనమ్మ రోజంతా నడిచిన దారిని ఎర్ర పెన్సిలుతో గీసింది. మంచం నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి వెనక గోడకి, మళ్లీ మంచానికి, మళ్లీ గోడకి. ఎర్రగీతలన్నీ ఆ గోడ మీద ఒకే చోటికి పోయి ఆగిపోయాయి. ముందు తలుపుకి ఒక్క గీతా లేదు. ఆమె ఆ గోడలోంచి బయటికి పోవాలని చూస్తోందిరా.

టేపు పట్టి చూశాను. వెనక కాలవ తవ్విన మట్టి పోసి మెరక చేశారు గదా, అక్కడ నేల మీ ఇంటి లోపలి నేలకి ఒక్క మెట్టు తక్కువ, అంతే. అక్కడ తలుపు ఉంటే వాలూ అక్కర్లేదు, మోసేవాళ్లూ అక్కర్లేదు. కాని ఆ గోడ పగలగొడితే పైకప్పు నిలుస్తుందో లేదో కట్టినవాడికే తెలియాలి. మేడమ్ ఏదో అడగబోతే నాయనమ్మ, "అక్కడ తలుపు మాటెత్తకు తల్లీ" అని మొహం తిప్పుకుందట. ఎందుకో మాకు తెలియలేదు.

శేషగిరిరావు దగ్గరికి వెళ్లు. ఈ ఒక్కసారి తిట్టకుండా అడుగు.

నీ వైపే ఉన్న,
సైదా

*

రేపల్లె,
5 ఏప్రిల్

ప్రియమైన సైదాకు,

నీ ఉత్తరం చదివిన రోజు గొళ్ళెం ఊడదీశాను. ఆ నాలుగు మేకులూ పీకి కాలవలో వేశాను. టీ బంకు దగ్గర మా కార్యదర్శితో మాట్లాడాను, అది మాట్లాడటం అనుకుంటే. వాడికీ నాకూ ఇప్పుడు మాటల్లేవు. వాలు మీద మటుకు ఎవరూ కూచోవడం లేదు.

శేషగిరిరావు ఇంటికి వెళ్లాను. గేటుకి నా పసుపు కరపత్రం ఇంకా అంటుకునే ఉంది, సగం వానకి నాని. ఆయన వరండాలో కుర్చీలో కాళ్లకి ఏదో తైలం రాసుకుంటున్నాడు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి, కూచునే మాట్లాడాడు. నేను ఎవరో ఆయనకి తెలుసు. "కరపత్రం బాగుంది. అచ్చుతప్పులు ఎక్కువ" అన్నాడు. అక్షరాలు కూర్చేవాణ్ణి ఇంతకన్నా తిట్టే తిట్టు లేదు. అయినా నోరు మూసుకున్నాను, నువ్వు అడిగావని. వెనక గోడలో తలుపు పెట్టొచ్చా అండీ అని అడిగాను.

ఆయన తైలం రాసుకోవడం ఆపాడు.

"తలుపు పెట్టాను బాబూ. చెక్క కూడా బిగించాను. మూయించింది మీ ఇంట్లో మనిషే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పింది ఇది. కాలనీలో మొదట పూర్తయింది మా ఇల్లే. తాళాలు ఇచ్చే రోజు, నేనింకా హాస్టల్లో ఉండగా, నాయనమ్మ లోపలికి వచ్చి, ఎదురుగా సముద్రం వైపు తెరిచి ఉన్న తలుపు చూసి, ఆ గుమ్మంలో అడ్డంగా కూచుండిపోయింది. ఇది మూస్తేగాని ఇంట్లోకి రానంది. అన్నం తినలేదు. సాయంత్రానికి వరసలో ఆడవాళ్లంతా వచ్చి ఆమె చుట్టూ కూచుని ఏడ్చారు. వాళ్లూ తమ ఇళ్లకి అటు తలుపు వద్దన్నారు. అలా వరసంతా మూసేశాడు. పైన సిమెంటు దూలం ఇటుకల వెనక అలాగే ఉందట, ఆ మేర పగలగొడితే ఇంటికేమీ కాదట. "మెట్లు మాత్రం నా తప్పే. ఇటుక మిగుల్చుకుందామని ఎత్తు పెంచా" అన్నాడు తైలం సీసాకి మూత పెడుతూ. తన తాపీమేస్త్రి కొండయ్యను పంపిస్తానన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ గోడ దగ్గరే ఉంది. నేను ఏమీ అడగలేదు. పక్కకి వెళ్లి, ఆమె చెయ్యి పెట్టే చోటే నేనూ చెయ్యి పెట్టాను. సున్నం కింద తలుపు అంచు వేళ్లకి తగిలింది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఉండి నేను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

అప్పుడు చెప్పింది. గాలివాన రోజున నేను తెనాలి హాస్టల్లో ఉన్నాను. పాక కూలి అమ్మ పోయిందని నాతో అన్నారు. అది నిజం కాదు సైదా. మా పాత పాకకి రెండు తలుపులుండేవి గుర్తుందా, వెనక తలుపు దక్షిణానికి. నీళ్లు వస్తున్నాయని తెలియక, వెనక కట్టేసిన మేక అరుస్తుంటే నాయనమ్మే, "విప్పుకు రావే రిబ్కా" అంది. అమ్మ వెళ్లింది. నాయనమ్మ ఆమె కోసం ఆ తలుపు మూయకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నీళ్లు ఆ తలుపులోంచే వచ్చాయి. అమ్మ రాలేదు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే నువ్వు ఎవర్ని తిట్టేవాడివిరా?" అంది.

గోడ మీంచి చెయ్యి తీయకుండానే ఆమే మళ్లీ అంది. "నీళ్లకి భయపడి మూయించాను. ఇప్పుడు గుక్కెడు నీళ్లు తాగాలన్నా భయమేనాయె. ఏం బతుకురా ఇది?"

జాలీ అవతల మీ అమ్మ ఉందని మాకు తెలియదు. మూడు అయినట్టుంది. "ఏసమ్మా, తెరువు. ఇటు పక్కన నేనుంటాగా" అని వినపడింది. మీ అమ్మ ఎప్పట్నుంచి వింటోందో. నాయనమ్మ ఉలిక్కిపడి, దొంగచాటుగా మాటలు వింటావటే అని తిట్టింది. మీ అమ్మ ఎదురు తిట్టింది. అలా తిట్టుకుంటూ తిట్టుకుంటూనే మాట ఖాయం చేసుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. అదే మంచిది.

నాయనమ్మ పెట్టిన షరతులు రెండే. ఆ తలుపుకి గడియ లోపల ఉండాలి, తన చేతికి అందే ఎత్తులో. గాలివాన కబురొస్తే తానే వేసుకుంటుంది. బయట గొళ్ళెం అన్నది ఉండకూడదు. ఈ రెండోది చెప్పేటప్పుడు నా వంక చూడలేదు.

నిన్న మట్టల ఆదివారం గుడిలో పౌలు గారు ఈ సంగతి చెబితే, మా వరసలో ఇంకో మూడు ఇళ్ల ముసలామెలు తమ గోడ కూడా చూడమని కబురు పంపారు. బాబాయికి ఉత్తరం రాశాను, సోమవారం రావొద్దని కాదు, రమ్మనే. వచ్చి వెనకనుంచి చూడమని. ఆ ఒక్క మెట్టు ఆమె దిగగలదో లేదో నాకు ఇంకా తెలియదు. కాళ్లు సన్నబడిపోయాయి. దిగలేకపోతే బాబాయి మాట బాబాయిదే. మీ మేడమ్ చెప్పినట్టు కొండయ్య చేత ఇటుకలు పేర్పించి లోపలే మెట్టు చేశాం. సిమెంటు లేదు. రోజూ గోడ పట్టుకుని దిగి ఎక్కుతోంది. నిన్న ఎత్తు ఎక్కువైందంటే ఒక వరస ఇటుక తీసేశాం.

కొత్త కరపత్రం కూర్చాను. వెంకటకృష్ణయ్య గారికి చెప్పే వేశాను. ఆయన చదివి, కాగితం ఖరీదు అడగలేదు. ఇందులో నా మాట ఒక్కటీ లేదు. నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు వేశాను. అచ్చుతప్పులు లేకుండా చూశాను. ఇది నీకూ, మీ మేడమ్‌కీ కూడా.

నీ
జార్జి

పాటిదిబ్బ కాలనీ వాళ్లకి ఏసమ్మ చెప్పేది

మా వరసకి వెనక తలుపులు మూయించింది నేను. కాంట్రాక్టరు కాదు, ఇంకెవరూ కాదు. తెరిపించేది కూడా నేనే.

పదో తారీకు శనివారం, మధ్యాహ్నం మూడు గంటలకి మా ఇంటికి రండి. రోడ్డు వైపు కాదు, వెనక వైపు. గునపం ఉన్నోళ్లు గునపం తెచ్చుకోండి, లేనోళ్లు ఇటుకలు ఎత్తడానికి చేతులు తెచ్చుకోండి. లోపల్నుంచి మొదటి దెబ్బ నేను వేస్తా, నా రోకలితో. బయట్నుంచి రెండో దెబ్బ సుల్తాన్ బీ వేసుద్ది. ఆ తరవాత కొండయ్య ఎట్టా చెప్తే అట్టా.

టీ బంకు కాడ కూచునే అబ్బాయిలు కూడా రావాల. ఇటుకలు మీరే మొయ్యాల.

ఎండగా ఉంటుంది. కుండలో మంచినీళ్లు పెట్టి ఉంచుతా. అందరూ తాగండి. ఆ రోజు నేనూ తాగుతా.

మూడు గంటలకి. రండి.